డాబా తాళాలు తీసి ఉంచండి: సింగ్‌నగర్ పై అంతస్తుల వారికి ఒక బహిరంగ లేఖ

అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట వైపు అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలకు, డాబా ఇళ్ల యజమానులకు, మన వార్డు సచివాలయాల్లో పనిచేసే అక్కలకు, అన్నలకు,

నమస్కారం.

నేను సింగ్‌నగర్‌లో ఒక గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్‌లో అద్దెకుంటున్నాను. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. వానలు మొదలవకముందే మీతో ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను అడిగేది పెద్దదేం కాదు. మీ డాబా తలుపు తాళంచెవి వానాకాలం వెళ్లేదాకా చుట్టుపక్కల వాళ్లకి దొరికే చోట ఉండాలి. ఏ కింది ఇంటివాళ్లు ఏ పై ఇంటికి ఎక్కాలో మనం ఇప్పుడే కూర్చుని, పేర్లతో సహా రాసుకోవాలి. ఎందుకు అడుగుతున్నానో చెప్తాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ముందురోజు మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారని టీవీలో చూసి అయ్యో అనుకున్నాం. మనం కొండ కింద లేం కదా అని పడుకున్నాం. తెల్లవారుజామున బాత్‌రూమ్ జాలీలోంచి గుడగుడమని చప్పుడు వినపడింది. ఎలకేమో అనుకున్నాను. లైటు వేసి చూస్తే నీళ్లు కిందికి పోవడం లేదు, కింద నుంచి పైకి తన్నుకొస్తున్నాయి. నల్లగా, మురుగు కంపు. అప్పటికి వీధిలో నీళ్లే లేవు. గుమ్మం దాకా వస్తే చూద్దాంలే అని గోనెపట్టా గుమ్మానికి అడ్డం వేసి కూర్చున్న మాకు ఇంట్లోంచే వరద మొదలైంది. ఆ గుడగుడ వినపడినప్పుడే మేం లేచి పైకి వెళ్లుంటే పుస్తకాలు, సర్టిఫికెట్లు, మందులు, మిషను అన్నీ మిగిలేవి. ఈ సంగతి కింది ఇళ్ల వాళ్లందరికీ చెప్పండి. జాలీ గుడగుడమంటే ఇంకో కబురు కోసం చూడక్కర్లేదు.

మా ఆయన పాలప్యాకెట్టు కోసం వెళ్లేసరికి పాదాలు మునిగే నీళ్లు. ఎనిమిదింటికి మోకాళ్లు. నేను మిషను తల ఊడదీసి అటక మీద పెట్టేలోగా మంచం లేచి తేలింది. తేలిన మంచం పోయి బీరువాకి అడ్డం పడింది. పిల్లల సర్టిఫికెట్ల ఫైలు ఆ బీరువా కింది అరలోనే ఉంది. ఫ్రిజ్ కూడా నీళ్ల మీద లేచి, ఒరిగి, వంటింటి గుమ్మానికి అడ్డంగా పడుకుంది. అంత బరువున్నది కదా, తేలదనుకుంటాం. తేలుతుంది. గ్యాసు బండ కూడా తేలుతుంది. అందుకే చెప్తున్నా, నీళ్లొస్తాయని కబురు తెలియగానే రెగ్యులేటర్ ఊడదీసి, మూత పెట్టి, బండని కిటికీ ఊచకి తాడేసి కట్టేయాలి. చేతులు, కాళ్లు పొడిగా ఉన్నప్పుడే కరెంటు మెయిన్ ఆపేయాలి. నీళ్లలో నిలబడ్డాక బోర్డు ముట్టుకోకూడదు.

మా అత్తయ్యకి పక్షవాతం. ఒక కాలు, ఒక చెయ్యి పనిచేయవు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కొంగుతో నడుం దగ్గర కట్టి, ఎదురింటి ఇద్దరు కుర్రాళ్లు చెరోవైపు పట్టుకుని నడుంలోతు నీళ్లలో మోసుకొచ్చారు. మా వీధిలో అందరికంటే ఎత్తయిన బిల్డింగ్ ఒకటుంది. అక్కడికే చేరాం, పదకొండు మందిమి. మెట్లన్నీ ఎక్కాక పైన డాబా తలుపుకి తాళం. యజమానులు ఊళ్లో లేరు. ఫోను కలవలేదు. కింద నీళ్లు ఒక్కో మెట్టూ మింగుతున్నాయి. ఒకతను వంటింట్లోంచి తెచ్చుకున్న పొత్రంతో తాళం మీద కొట్టడం మొదలుపెట్టాడు. ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా మా అత్తయ్య మెట్టు మీద కుర్చీలో కూర్చుని నా చెయ్యి వదల్లేదు. పైనుంచి దెబ్బ పడిన ప్రతిసారీ ఆమె కళ్లు మూసుకునేది.

ఆ యజమానుల మీద నాకు కోపం లేదు. దొంగల భయంతో వేసుకున్న తాళం అది. మనందరం వేసుకుంటాం. కానీ ఆ తాళంచెవి ఎవరో ఒకరి దగ్గర ఉండి ఉంటే మాకు అంత అవస్థ ఉండేది కాదు. ఇంకో రెండడుగులు నీళ్లు పెరిగుంటే ఏమయ్యేదో నేను ఇక్కడ రాయలేను.

తర్వాత నాలుగు రోజులు మమ్మల్ని చూసుకుంది పక్క బిల్డింగ్ రెండో అంతస్తు పిన్నిగారు. రెండు డాబాల మధ్య సందు రెండడుగులు ఉంటే పాత తలుపు చెక్క అడ్డం వేసి ఒక్కొక్కరినీ తన ఇంట్లోకి దించుకున్నారు. అంతకుముందు ఆమెకీ నాకూ ముఖపరిచయం కూడా లేదు. ఆమె మొదటి గంటలో చేసిన పని ఒకటి మీరంతా నేర్చుకోవాలి. కరెంటు పోతే మోటారు లేదు, పైన ట్యాంకులో ఉన్నవే మన నీళ్లు. ఆమె వెంటనే పైకెళ్లి బాత్‌రూమ్‌లకి దిగే వాల్వు కట్టేసి, వంటింటి కుళాయి ఒక్కటే ఉంచారు. డాబా మీద బకెట్లు, గంగాళాలు పెట్టి వాననీళ్లు పట్టి అవి కడుక్కోవడానికి వాడించారు. అందుకే ఆ ఇంట్లో పద్దెనిమిది మందికి నాలుగో రోజు దాకా తాగేనీళ్లున్నాయి. ఎదుటి బిల్డింగ్‌లో ఎవరూ ఆలోచించలేదు. ఎప్పట్లాగే ఫ్లష్‌లు వాడారు, సోమవారం సాయంత్రానికి ట్యాంకు ఎండిపోయింది. మంగళవారం డ్రోన్ వచ్చి పొట్లాలు వదిలేదాకా వాళ్ల పిల్లలు సీసా మూతలతో కొలుచుకుని తాగారు.

మీలో కొందరు అంటారు, అధికారులు ముందే చెప్తే మేం తాళాలు తీసిపెట్టమా అని. మన వరద ఎలా వస్తుందో తెలిస్తే ఆ మాట మీద అంత భరోసా పెట్టుకోరు. మనల్ని ముంచేది బుడమేరు వాగు. అది పుట్టేది మైలవరం వైపు కొండల్లో. పోయి కలిసేది కొల్లేట్లో. నడుమ వెలగలేరు దగ్గర రెగ్యులేటర్, అంటే నీళ్లని ఆపి వదిలే గేట్లు పెట్టి, ఆ నీళ్లని డైవర్షన్ కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణ మామూలుగా ఉంటే కాలువ పారుతుంది. కృష్ణే పొంగి ఉంటే కాలువ నీళ్లు పోవడానికి చోటుండదు, వెనక్కి తంతాయి. ఆ రోజు రెండూ ఒకేసారి జరిగాయి. కొండల మీద కుంభవృష్టి, కింద కృష్ణలో వరద. కాలువ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. మర్నాడు బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు నమోదయ్యాయి, బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది.

కాబట్టి మన నెత్తిన పడే వానని చూసి మన వరదని అంచనా వేయలేం. మైలవరం వైపు ఎంత కురిసింది, వెలగలేరు దగ్గర ఎంత నీరుంది, బ్యారేజీ దగ్గర ఎన్నో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, ఈ మూడూ చూడాలి. మా వీధిలో వాన జోరు తగ్గి, హమ్మయ్య అనుకున్నాకే నీళ్లు పెరిగాయి. సచివాలయం వాళ్లని నేను బతిమాలి అడిగేది ఇదే. భారీ వర్షసూచన అని ఫోనుకి వచ్చే మెసేజ్ మా చేత ఏ పనీ చేయించదు. బుడమేరులో నీరు ఇంత ఉంది, రాత్రికి ఫలానా వీధులకి రావచ్చు, పైకెళ్లండి అని మైకులో చెప్పండి. 2024 నీటి గుర్తు ఇప్పటికీ మా గోడల మీద గోధుమరంగు గీతలా ఉంది. సున్నాలు వేసినా పైకి తేలుతోంది. ఆ ఎత్తుని ప్రతి వీధిలో కరెంటు స్తంభానికి పెయింటు గీసి పెట్టండి. ఇల్లు మారి కొత్తగా వచ్చినవాళ్లకి ఆ గీతని మించి ఏ మెసేజీ చెప్పలేదు.

మా అమ్మది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెనలో బతికి బయటపడ్డ మనిషి. దివిసీమలో ఆ ఒక్క రాత్రి పోయినవాళ్లు లెక్కల్లోనే వేలమంది. అమ్మ ఆ రాత్రి గురించి మాట్లాడేది కాదు, ఆమె అలవాట్లు మాత్రం మాట్లాడేవి. ఆశ్వయుజం వచ్చిందంటే అటక ఖాళీ చేయించేది. అక్కడ ఒక రేకు డబ్బాలో అటుకులు, బెల్లం, మరమరాలు, అగ్గిపెట్టెలు, ఒక పాత చీర పెట్టి మూతకి మైనం పూసేది. చీరెందుకమ్మా అంటే మనుషుల్ని కట్టుకోవడానికి అనేది. తుఫాను కబురు వస్తే గొడ్ల పలుపులు విప్పేసేది. కట్టుగొయ్యకి ఉన్నవన్నీ పోయాయి, విప్పినవాటిలో కొన్ని ఈదుకుని బయటపడ్డాయి అని ఆమెకి తెలుసు. నేను బెజవాడ వచ్చాక ఇవన్నీ పల్లెటూరి భయాలు అనుకుని మానేశాను. మా లాఫ్ట్ నిండా పాత సూట్‌కేసులు, పగిలిన కుక్కర్లు. నీళ్లొచ్చిన రోజు పైకెత్తడానికి చోటే లేదు.

ఇప్పుడు మా ఇంట్లో లాఫ్ట్ సగం ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. తలుపు వెనక మేకుకి ఒక స్కూలు బ్యాగు వేలాడుతుంది. దాన్ని జూన్‌లో సర్ది సంక్రాంతి దాకా విప్పం. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల మార్కుల మెమోలు, బంగారం తాకట్టు రసీదు, అత్తయ్య ఆసుపత్రి కాగితాలు, అన్నీ జిప్ కవర్లలో రెండేసి పొరలు. వాటి ఫొటోలు నా ఫోన్లోనే కాక ఊళ్లో ఉన్న మా తమ్ముడి ఫోన్లో కూడా ఉన్నాయి. లామినేషన్ చేయించాం కదా అని నమ్మకండి. అంచుల్లోంచి నీరు దిగి మా పాప టెన్త్ మెమో లోపలే బూజు పట్టింది. బ్యాగులో అత్తయ్యకి పది రోజుల బీపీ మాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, టార్చి, పవర్‌బ్యాంకు, ఆడపిల్లలకి కావలసిన ప్యాడ్లు, ఒక ఈల. ఈల ఎందుకంటే, చీకట్లో పడవ వాళ్లని పిలిచి పిలిచి రెండో రోజుకి మా ఆయన గొంతు పూర్తిగా పోయింది. ఓఆర్‌ఎస్ లేకపోతే లీటరు కాచిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపాలి. షుగరుకి ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఫ్రిజ్ లేదని భయపడొద్దు. సీసాని కవరులో చుట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో నీడన ఉంచితే వేడి తగలదు. పై ఇళ్లవాళ్లు ఒక మట్టికుండ, ఒక మూతున్న బకెట్, ఇంత బూడిదో బ్లీచింగో ఉంచితే చాలా మేలు. ఫ్లష్ లేని ఇంట్లో పద్దెనిమిది మంది నాలుగు రోజులు ఉండాల్సి వస్తే మొదట సిగ్గుతో చచ్చేది ఆడవాళ్లే. మా ఆడపడుచు రెండు రోజులు నీళ్లు తాగడమే మానేసింది.

బండ్లున్నవాళ్లకి ఒక మాట. మునిగిన బండి నీళ్లు తీయగానే స్టార్ట్ చేయకండి. ఇంజన్లోకి నీరు పోయి ఉంటే అప్పుడే పాడవుతుంది, ఆ నష్టానికి చాలా బీమాలు డబ్బివ్వవు. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే వరద నష్టానికి అసలేమీ రాదు. జూన్‌లోపే పాలసీ తీసి చూసుకోండి. అలాగే ఇంట్లో ప్రతి గదినీ ఫోన్లో ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకోండి. 2024లో ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్‌కి 25,000, పై అంతస్తులకి 10,000 ఇచ్చింది. లెక్కలు రాసుకునేవాళ్లు వచ్చేసరికి మేం బురదతో పాటు సామానంతా ఎత్తి బయట పోసేశాం. ఏం పోయిందని అడిగితే చూపించడానికి నా దగ్గర తుప్పు పట్టిన మిషను కాళ్లు తప్ప ఏమీ లేవు. ముప్పై రెండు జాకెట్ ముక్కలు కూడా పోయాయి, అవి నావి కావు, నన్ను నమ్మి ఇచ్చిన వాళ్లవి. ఆరు నెలల పాటు కుట్టి ఒక్కొక్కరికీ తీర్చాను.

ఇంతవరకూ కింది వాళ్లం పైకి రావడం గురించే రాశాను. రెండోదీ ఉంది. మీ బిల్డింగుల పైన రేకుల గదుల్లో వాచ్‌మన్ కుటుంబాలో, అద్దెకున్న కుర్రాళ్లో ఉంటారు. తుఫాను గాలి వచ్చిన రోజు అందరికంటే ముందు ప్రమాదం వాళ్లకే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఉన్న మా చెల్లెలు చెప్పింది, రేకులు కత్తుల్లా ఎగిరొచ్చాయని, డాబా మీద ఖాళీ ట్యాంకు లేచి అవతల వీధిలో పడిందని. గాలి రోజు వాళ్లు కింది అంతస్తుకి, కిటికీలు లేని లోపలి గదిలోకి రావాలి. మా తలుపులు వాళ్లకి తెరిచే ఉంటాయి. తుఫాను కన్ను, అంటే దాని నడిమి భాగం, మీదికి వస్తే గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఎండ కూడా కాస్తుంది, జనం బయటికొచ్చేస్తారు. కాసేపటికి అటువైపు నుంచి మళ్లీ అదే గాలి. పిల్లలకి ఇది ముందే చెప్పాలి. డాబా మీద వదులు రేకులు, పూలకుండీలు, పాత ఫ్లెక్సీలు ఉంటే అక్టోబరులోపే దించేయండి, ట్యాంకు నిండా నీళ్లు పట్టి మూత కట్టేయండి. నిండిన ట్యాంకు ఎగరదు, తర్వాత తాగడానికీ పనికొస్తుంది. సముద్రం ఒడ్డున ఉప్పెన వచ్చే ఊళ్ల సంగతి వేరు, అక్కడ పై అంతస్తూ చాలదు, ఊరు ఖాళీ చేయమంటే చేయాల్సిందే.

సచివాలయం అక్కలకి ఇంకో విన్నపం. మీ దగ్గర పింఛన్ల జాబితా ఉంది. మంచాన పడ్డవాళ్లెవరో, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లెవరో, నెలలు నిండినవాళ్లెవరో ఇంటింటికీ తిరిగే మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఒక్కో వీధికి అలాంటి వాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కరిని ఎత్తుకెళ్లడానికి ఇద్దరిద్దరు కుర్రాళ్ల పేర్లు పక్కన రాయండి. 2024లో పడవలు పెద్ద వీధుల దాకా వచ్చాయి, సందుల్లోకి రాలేకపోయాయి. సందుల్లోంచి జనం గుండెలోతు నీళ్లలో ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఫ్లైఓవర్ దాకా నడిచారు. ఏ సందు వాళ్లకి ఏ మలుపు దగ్గర పడవ ఆగుతుందో ముందే చెప్తే ముసలివాళ్లని అక్కడి మేడ మీదికి చేర్చి ఉంచుతాం. ఆపదలో పిలవాల్సిన 112, 1070, 1077 నంబర్లు పిల్లల చేత ఎక్కాల్లాగా చెప్పించండి. ఫోన్లలో సేవ్ చేసుకున్న నంబర్లు ఫోన్లతోనే పోయాయి.

నీళ్లు తీశాక వచ్చే కష్టం వేరే ఉత్తరం. పాములు, విరేచనాలు, ఎలుక జ్వరం, అవన్నీ ఆసుపత్రి వాళ్లు చెప్తారు. చెప్పులు లేకుండా బురదలో దిగొద్దని మాత్రం అంటాను. చవితి పండక్కి కూడా మా ఇంట్లో బురద ఎత్తుతూనే ఉన్నాం.

నా విన్నపం మళ్లీ చెప్తున్నాను. ఈ ఆదివారం పొద్దున పదింటికి మన వీధి చివర వేపచెట్టు కింద కూర్చుందాం. ప్రతి బిల్డింగ్ నుంచి ఒక్కరొస్తే చాలు. డాబా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, వాళ్లు ఊళ్లో లేకపోతే రెండోది ఎవరి దగ్గర ఉంటుందో ఒక కాగితం మీద రాసి కింద మీటరు బోర్డు కంటే ఎత్తున అంటించండి. మాకు మీ ఇంట్లో గదులు అక్కర్లేదు, మెట్ల మలుపూ, డాబా మీద ఓ మూలా ఇస్తే చాలు. బియ్యం మేం తెచ్చుకుంటాం. అద్దెవాళ్లం, ఇవాళ ఉంటాం రేపు పోతాం అనుకుని మా పేర్లు వదిలేయకండి.

మా ఇంటి తరఫున కాగితం నేను ఇప్పుడే రాసి ఉంచాను. పెద్దవాళ్లు నలుగురం, పిల్లలిద్దరు. ఒకామె నడవలేదు, బరువు యాభై రెండు కిలోలు, చేతులున్న కుర్చీ కావాలి, ఎడమవైపు పట్టుకుంటే నొప్పి, కుడివైపు నుంచి ఎత్తాలి. మెట్లు ఎక్కించేటప్పుడు ఎవరో ఒకరు ఆమె చెయ్యి పట్టుకుని ఉండాలి.

ఇట్లు,
గ్రౌండ్ ఫ్లోర్‌లో మిషను కుట్టుకునే మీ పొరుగింటి ఆడమనిషి,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ